దప్పికైన మందకు దారి

మా ఆయన ఇంతవరకు విమానం ఎక్కలేదు. దగ్గరగా చూసింది కూడా లేదు. మా తిరుమణి మీదుగా పోయే విమానాలను నేను ఎంత చూశానో ఆయనా అంతే చూశాడు, మెడ నొప్పి పుట్టేదాకా. కానీ ఎక్కడో పెరూ దేశంలో, కొండల మధ్య ఉన్న ఒక చిన్న విమానాశ్రయంలో దిగిన విమానం ఎటు తిరగాలి, ఏ మలుపులో ఆగాలి, ముక్కు ఎటు పెట్టి నిలవాలి, ఇవన్నీ ఈయనే తేల్చాలట. పెరూ వాళ్లెవరూ అడగలేదు. జీతం ఇచ్చేవాళ్లూ లేరు. అయినా డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పకుండానే కంప్యూటర్ ముందు కూర్చుంటాడు.

సంగతేమిటంటే, కంప్యూటర్‌లో విమానం నడిపే ఆట ఒకటుంది. ఆట అంటే ఆయనకు కోపం, సిమ్యులేటర్ అనాలి. అందులో ప్రపంచంలోని విమానాశ్రయాలన్నీ ఉంటాయి గానీ, చాలావాటిలో రన్‌వే తప్ప మరేదీ సరిగా ఉండదు. దిగిన విమానం రన్‌వే వదిలి తన పార్కింగ్ దాకా నడిచి పోవడానికి దారులు కావాలి. వాటిని ట్యాక్సీవేలంటారు. ఓపిక ఉన్నవాళ్లెవరైనా ఆ దారులు గీసి, పార్కింగ్ స్థలాలు పెట్టి పంపవచ్చు. అక్కడ వాటిని చూసేవాళ్లు పరీక్షించి, బాగుంటే అందరికీ ఇస్తారు. బాగా లేకుంటే తిప్పి పంపుతారు. మా ఆయన గీసిన దారుల మీద ఎక్కడెక్కడి జనమో విమానాలు నడుపుకుంటూ ఈయన్ని మెచ్చుకుంటూ రాస్తుంటారు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని ఊరికే అన్నారా? మా స్నానాల గది తలుపు గడియ ఊడి ఏడాది దాటింది. ఈనాటికీ ఒక చేత్తో తలుపు పట్టుకునే స్నానం చేస్తున్నాం.

పని చూస్తే ఏమైనా గొప్పదా అంటే, చుక్కలు పెట్టడం, గీతలతో కలపడం, అంతే. చుక్కల ముగ్గు నేనూ వేస్తాను. పాలు పొంగేలోపు వాకిట్లో వేసి లోపలికొస్తాను. ఈయన ముగ్గుకు నెలలు పడతాయి. ఒక్క గీత చుక్కకు అతకకపోతే విమానం అక్కడే నిలిచిపోతుందట. దాని వెనక వచ్చేవి కూడా నిలిచిపోతాయట. నిలవనీ, మన సొమ్మేం పోయింది అంటాను. నేనేదో చంటిబిడ్డను బావిలో తోయమన్నట్టు చూస్తాడు.

పేరు ప్రశాంత్‌కుమార్. పేరుకు తగ్గట్టు ప్రశాంతంగానే ఉంటాడు, అశాంతి అంతా నా వాటాకు వచ్చింది. సోలార్ ప్లాంటులో తెరల ముందు కూర్చునే ఉద్యోగం. ఎక్కడ ఏ యంత్రం ఆగిపోయి ఎర్ర లైటు వెలిగిందో చూసి, బయట తిరిగేవాళ్లకు ఫోన్ చేసి చెప్పాలి. పగలంతా ఆ తెర, ఇంటికొస్తే ఈ తెర. నేను అంగన్‌వాడీలో పనిచేస్తాను. అక్కడి పిల్లలు నా మాట వింటారు. ఇంట్లో ఉన్న ఈ ఒక్కడూ వినడు.

ఈయన ఒక్కడే అయితే ఏదో సర్దుకునేదాన్ని. మా మామ కూడా ఉన్నాడు. ఓబళప్ప అంటే ఊళ్లో అందరికీ తెలుసు, ఎందుకంటే అందరితోనూ ఒకసారి గొడవ పెట్టుకున్నాడు. మాది తాతల కాలం నుంచి గొర్రెలు కాచిన వంశం. తర్వాత వేరుశనగ పండించాం. చేను సోలార్ వాళ్లకు కౌలుకిచ్చాక ప్లేట్లు లేచాయి, మామకు పని పోయింది. ఆ ఏడాది మా ఇంట్లో నరకం. నేను వండిన పప్పులో ఉప్పు దగ్గర్నుంచి కోళ్లు నడిచే తీరు దాకా ప్రతిదానికీ తప్పు పట్టేవాడు. అన్నం ముందు కూర్చుని తినకుండా లేచిపోయేవాడు. మనిషి సగమైపోయాడు. చివరికి మా అత్త జయలక్ష్మమ్మే పోరుపెట్టి కొన్ని జీవాలను కొనిపించింది. గొర్రెలను మేం జీవాలనే అంటాం. అవి మందగా పెరిగాయి, మామ మళ్లీ మనిషయ్యాడు. గొడవలు తగ్గలేదు గానీ ఆకలి వచ్చింది, నిద్ర వచ్చింది.

అటువంటి సమయంలో ఊరికీ, నిడుగల్లు వైపు ఉన్న బీడుకూ మధ్యలో ఇంకో బ్లాకు ప్లేట్లు వేస్తామని కంపెనీ వాళ్లు వచ్చారు. చుట్టూ కంచె వేస్తారు. జీవాలు బీడుకు పోయే దారి మూసుకుపోతుంది. మామ ఆ రోజే తేల్చి చెప్పేశాడు. దారి లేకపోతే మందను పావగడ సంతకు తోలేస్తానన్నాడు. ఊరికే బెదిరించే మనిషి కాదు. నాకు ఆ ఏడాదంతా కళ్ల ముందు తిరిగింది. మళ్లీ అలా కూర్చుంటే ఈసారి ఆయన లేవడని నాకు నిజంగానే భయం వేసింది.

అదృష్టం బాగుండి కంపెనీ తరఫున వచ్చిన ఇంజనీరమ్మ మంచిది. పేరు వినుత, తుమకూరు పిల్ల. కంచెకూ కంచెకూ మధ్య జీవాలు పోయేంత సన్నని దారి వదిలిపెడతామంది. దారి సన్నం కాబట్టి, ఎదురెదురుగా రెండు మందలు వస్తే ఒకటి పక్కకు తప్పుకుని నిలిచే వెడల్పు చోటు ఒకటి కావాలని మావాళ్లు అడిగారు. ఒక్కటే ఇవ్వగలం, రెండో దానికి ప్లేట్ల వరసలు తీసేయాలి అంది. ఆ ఒక్కటి ఊరి కొసన కావాలా, అవతల బీడు వైపు కుంట ఉన్న కొసన కావాలా, మీరే మాట్లాడుకుని ఒక డ్రాయింగ్ ఇవ్వండి, దాని ప్రకారం స్తంభాలు పాతిస్తాం అంది.

ఇక్కడ మా వాళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. రెండు మందలు ఎదురైతే దప్పికతో ఉన్న మందకే ముందు దారి. నీళ్లు తాగిన మంద పక్కకు నిలవాలి. ఇది ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ తప్పరు. మాతో మాటలు మానేసిన కాటప్ప కూడా, ఎదురుగా మామ దప్పికైన మందను తోలుకొస్తే, తల పక్కకు తిప్పుకునైనా సరే తన మందను తప్పిస్తాడు. మందలు కలిసిపోతే విడదీయడానికి పూట పడుతుంది, ఇరుకులో గొర్రెపిల్లలు తొక్కిసలాటలో చస్తాయి. ఫోన్లు చేసుకుని వంతులు వేసుకోవచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. మా మామ ఫోన్ గూట్లో ఉంటుంది, ఛార్జి అయిపోతుందని ఆఫ్ చేసి.

వెడల్పు చోటు ఎక్కడ అని మామను అడిగితే, అదేమి ప్రశ్న అన్నట్టు చూసి, కుంట కాడ అన్నాడు. కుంటలో తాగి తిరిగొచ్చే మంద అక్కడ నిలుస్తుంది, ఊళ్లోంచి దప్పికతో పోయే మంద ముందు పోతుంది. కాటప్పతో సహా గొర్రెలున్నవాళ్లంతా అవునవునన్నారు. నేనూ తలూపాను. డ్రాయింగ్ గీసే పని మా ఆయనకు పడింది, ఎప్పుడూ దారులు గీస్తుంటాడు కదా అని.

ఆ పాపిష్టి డ్రాయింగ్ కోసం నేను పడ్డ పాట్లు పగవాళ్లకు కూడా వద్దు. వినుత అడిగింది పెన్సిల్‌తో గీసిన రెండు గీతలు. ఈయన పొట్టేలు ఒక మలుపు తిరగడానికి ఎంత వెడల్పు కావాలో కొలవడానికి దాని వెంట తాడు పట్టుకుని తిరిగాడు. పొట్టేలుకు చిర్రెత్తి కుమ్మింది. మోకాలికి పసుపు పెట్టింది నేను. మధ్యలో పెరూ విమానాశ్రయం తిరిగొచ్చిందని నాలుగు రోజులు డ్రాయింగ్ ముట్టలేదు. వినుత ఈయనకు ఫోన్ చేసి చేసి విసిగి నాకు చేసేది. ఆఖరికి ఇచ్చాడు. సోమవారం నుంచి స్తంభాలు పాతుతామని ఆ పిల్ల చెప్పింది. హమ్మయ్య అనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం పెరూ మళ్లీ తిరిగొచ్చింది. ముద్ద, చారు పెట్టి పిలుస్తూనే ఉన్నాను. రాగిముద్ద చల్లారి రాయైపోయింది, మనిషి కదలడు. పోయి తెర చూశాను. రన్‌వే మీద ఒక విమానం, దారిలో దానికెదురుగా ఇంకొకటి, రెండూ ముక్కు ముక్కు ఆనించుకునేలా నిలబడి ఉన్నాయి. పైన ఇంకా రెండు దిగే చోటు లేక గిరగిరా తిరుగుతున్నాయి. విమానాశ్రయమంతా బిగుసుకుపోయింది.

ఏమిటిది అని అడిగాను. ఆ ఊళ్లో కొండ అడ్డంగా ఉండి, రన్‌వేకూ పార్కింగ్‌కూ మధ్య ఒక్కటే దారి ఉందట. దిగిన విమానం రన్‌వే అంచునే ఆగాలి, బయల్దేరేది ముందు రావాలి అని ఈయన పెట్టాడు. దిగింది రన్‌వే వదలదు కాబట్టి బయల్దేరేది ఎక్కలేదు, బయల్దేరేది అడ్డంగా ఉంది కాబట్టి దిగింది కదలలేదు. దిగిన దానికే ముందు దారివ్వండి అని అక్కడి పరీక్షించే మనిషి మూడుసార్లు మర్యాదగా రాశాడు. ఈయన మూడుసార్లూ అలాగే తిప్పి పంపాడు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

"అది పద్ధతి కాదు," అన్నాడు. "పోయేదానికి గదా ముందు దావ ఇడవాల."

"ఎవురు చెప్పినారు నీకు?"

"చెప్పేదేంది? నాయిన మందకు అంతే, ఎవురి మందకైనా అంతే. పోయేది దప్పిక మీద పోతాంటాది. వచ్చేది తాగి వస్తాంటాది. తాగినది ఆగాల."

నాకు ఒళ్లు మండిపోయింది. విమానాలను గొర్రెలు చేసి, నా చేత మూడు నెలలుగా చల్లారిన ముద్దలు మళ్లీ మళ్లీ వేడి చేయిస్తున్నాడా అనిపించింది. నోటికొచ్చింది అనేశాను.

"నీ స్కూటర్ పెట్రోలు పోయించుకొని పావగడకు పోతాది, ఎండిపోయి ఇంటికొస్తాది. విమానం మాత్రం వేరేనా? యాడ్నుంచో ఎగురుకుంటా వచ్చి దిగిండాది, దాని కడుపులో ఏముంటాది? తాగి పోతాండేది ఆ పోయేదే. దప్పికైనది ఈ వచ్చిందే."

ఆయన నా వైపు తిరిగి చూశాడు. పెళ్లయ్యాక ఏదీ అడగకుండా నా మొహం అంతసేపు చూడటం అదే మొదటిసారి. పొగుడుతాడేమో అనుకున్నాను. మళ్లీ తెర వైపు తిరిగి గీతలు మార్చడం మొదలుపెట్టాడు.

మార్చాక విమానాలను వదిలి, నన్నూ చూడమన్నాడు. చిన్న తెల్ల విమానం ఒకటి కొండ చాటు నుంచి దిగింది, మెల్లగా మలుపు తిరిగింది, పోయి తన చోట నిలిచింది. అంతవరకు పార్కింగ్ పక్కనే ఆగి ఉన్న రెండోది అప్పుడు కదిలి రన్‌వే మీదకు పోయింది. అబద్ధమెందుకు, చూడటానికి బాగుంది. ఇకనైనా తిను అనబోతుంటే ఆయన తల మీద చేతులు పెట్టుకున్నాడు.

"నాయిన డ్రాయింగు," అన్నాడు. "ఆ కుంటలో నీళ్లు యాడుండాయి?"

కుంట ఎండి ఎన్నేళ్లయిందో. వానలప్పుడు నాలుగు రోజులు బురద కనబడుతుంది, అంతే. ఇప్పుడు ఊరి మందలన్నీ, కొన్ని పొద్దున్నే, కొన్ని మధ్యాహ్నం, మా బోరు దగ్గరున్న తొట్టిలో కడుపు నిండా తాగి, కుంట దాటి బీడుకు మేతకు పోతాయి. మేసినవి నాలుకలు వేలాడేసుకుని ఊరికి వస్తాయి. దప్పికైనవి వచ్చేవే, పోయేవి కావు. నిలిచే చోటు ఊరి కొసన ఉండాలి. డ్రాయింగ్ ప్రకారం స్తంభాలు పాతితే, ఎండాకాలంలో పూటంతా మేసి అలసి వచ్చిన మంద, తాగి బయల్దేరిన మంద కోసం కంచెల మధ్య నిలవాలి. అలా జీవాలు పడిపోతుంటే మామ ఒక్క ఎండాకాలం కూడా చూస్తూ ఊరుకోడు. సంతకు తోలేస్తాడు.

కుంట ఎండిందని తెలియని మనిషి ఊళ్లో లేడు. అయినా కుంట కాడ అని మామ అనగానే అందరం తలూపాం. తాతల నాటి నుంచీ, వచ్చే మంద అంటే తాగి వచ్చే మందే. ఒక్క బుర్రకూ తట్టలేదు. ఇంతమందిమి ఉండి ఏం లాభమని నా మీద నాకే ఒళ్లు మండింది.

ఇప్పుడు మామకు చెప్పాలి. పెరూ వాళ్లతో మూడు నెలలు వాదించిన మగాడు, సొంత తండ్రి దగ్గరకు పోవడానికి పెరట్లో అటూ ఇటూ తిరిగాడు. నువ్వు చెప్పు అంటాడు నాతో. భయానికి కారణం లేకపోలేదు. మా ఇంట్లో కుంట ఎండింది అనే మాట అనకూడదు. ఈ ఏడు నిండుతుంది అనాలి. ఎవరైనా నోరుజారితే మామ కంచం ముందు నుంచి లేచిపోతాడు. చేను పోయింది, దారులు పోయాయి, ఆ కుంట ఒక్కటి తనదిగా మిగిలిందని ఆయన నమ్మకం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

మంద ఇంటికొచ్చాక మా ఆయన మొదలుపెట్టాడు. చుక్కలు, గీతలు, విమానం, పెట్రోలు అంటూ ఎక్కడెక్కడో తిరిగాడు. మామకు తిక్క రేగుతున్నట్టు మొహంలోనే తెలుస్తోంది. ఇక లాభం లేదని నేనే అడ్డుపడ్డాను.

"మామా, మంద నిలిచే చోటు ఊరి కాడ ఉండాల."

"తాగి వచ్చేది గదా ఆగాల్సింది," అన్నాడు.

"యాడ తాగి వస్తాండాయి మామా?"

తొట్టిలో పైపు పెట్టి నీళ్లు నింపుతున్న మా అత్త తల ఎత్తలేదు. కుంటలో నీళ్లుంటే ఇంతకాలంగా రెండు పూటలా ఈ తొట్టి నేనెందుకు నింపుతున్నానో నీకు తెలీదా అని మెల్లగా అడిగింది. మామ చేతికర్ర తీసుకుని బయటికి పోయాడు. పోతూ పోతూ, ఈ మంద నాకొద్దు, సంతకు తోలేస్తా అన్నాడు. ఆ రాత్రి ఆయన తినలేదు. మా ఆయన తిన్నాడు. దానికి కూడా నేను తిట్టాను.

పొద్దున లేచేసరికి దొడ్డి ఖాళీ. మామ లేడు, మంద లేదు, తొట్టిలో నీళ్లు మాత్రం అడుగంటి ఉన్నాయి. పావగడ రోడ్డు పట్టాడేమోనని మా ఆయన చెప్పులు కూడా లేకుండా పరుగెత్తాడు. ఆయన పరుగెత్తగలడని నాకప్పుడే తెలిసింది. నేను వెనకాలే ఆయన్ని తిట్టుకుంటూ, నన్ను తిట్టుకుంటూ, ఏడుస్తూ పోయాను.

రోడ్డు దాకా పోనక్కర్లేకపోయింది. ఊరు దాటగానే కంపెనీ జీపు, స్తంభాలు దించిన ట్రాక్టరు కనబడ్డాయి. కొత్త దారి మొదలయ్యే ఆ చోటే మామ నిలబడి ఉన్నాడు. మందనంతా ఒకచోట గుంపుగా నిలబెట్టి, దాని చుట్టూ గుర్తుగా రాళ్లు పేరుస్తున్నాడు. ఆఖరి జీవం దగ్గర ఒక రాయి పెట్టి, కాస్త ఆలోచించి, ఇంకొంచెం అవతలికి జరిపాడు.

వినుత చేతిలో మా ఆయన డ్రాయింగ్ ఉంది. ఇందులో వెడల్పు చోటు కుంట దగ్గర కదా ఉంది, మీరే కదా చెప్పారు అని కన్నడలో అడుగుతోంది. మామకు కన్నడ బాగా వచ్చు. అయినా తెలుగులోనే చెప్పాడు.

"చెప్పినది నేనేనమ్మా. ఈడ ఇడవండి. దప్పిక మీద వచ్చే జీవాన్ని ఆపకూడదు." ఒక రాయిని కాలితో సరిచేశాడు. "ఆ కుంటలో నీళ్లు లేవు. ఇంక రావు."

వినుత మా ఆయన వైపు చూసింది. ఆయన తలూపాడు. కూలివాళ్లు గడ్డపార తీసుకుని రాళ్లున్న చోటికి వచ్చారు. మామ వాళ్లకు అడ్డం లేకుండా మందను పక్కకు తోలి, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. ఇన్నాళ్లూ ఆ మాట ఆయన నోట ఒక్కసారి వింటే చాలు, ఈ పోరు వదులుతుందని అనుకునేదాన్ని. విన్నాక, అనకుండా ఉంటే బాగుండేది అనిపించింది.